స్వాగతం చెప్పిన చేతులు

జూన్ 3

ఫలితం వచ్చింది. నేను కాదు.

గుమస్తా ఫోన్ చేసి చెప్పాడు. "మేడమ్, మీరు నోటీసు బోర్డు చూసి తెలుసుకోవడం బాగోదని నేనే చేశాను," అన్నాడు. మంచివాడు. ప్రిన్సిపాల్ కుర్చీకి ఇంటర్వ్యూకి పిలిచింది ఇద్దర్నే. ఒకరు నేను, ఈ బధిరుల బడిలోనే జుట్టు నెరిసినదాన్ని, వైస్ ప్రిన్సిపాల్ని. రెండో ఆయన విద్యాశాఖ ఆఫీసులో ఫైళ్లు చూసుకునే పెద్దమనిషి. ప్రకటనలో "సైగల భాషలో ప్రావీణ్యం తప్పనిసరి" అని అక్షరాలా ఉంది. వచ్చా అని బోర్డువాళ్లు అడిగితే "నేర్చుకుంటానండీ" అన్నాడట. ఈత రానివాణ్ణి ఈత మాస్టారుగా పెట్టుకుని, నీళ్లలో దిగాక నేర్చుకుంటాడులే అనుకున్నట్టుంది.

నాకేం బాధ లేదు. ఆ కుర్చీలో కూర్చుంటే పాఠం చెప్పే తీరిక ఎక్కడ దొరుకుతుంది? పాత ప్రిన్సిపాలమ్మ రిటైరవుతూ పట్టుబట్టింది కాబట్టి దరఖాస్తు పెట్టాను, అంతే.

ఈ డైరీ మా ఆయన తన డ్రైవింగ్ స్కూలు పేరుతో కొట్టించింది. పంచగా మిగిలిపోయింది. ప్రతి పేజీ అడుగునా "నిదానమే ప్రధానం" అని అచ్చేయించారు. సరే, నిదానంగానే రాస్తాను.

జూన్ 4

నిజంగానే బాధ లేదు. కూరలో ఉప్పు వెయ్యడం మర్చిపోయాను. మా ఆయన మాట్లాడకుండా తినేశారు.

జూన్ 9

కొత్తాయన చేరాడు. హాల్లో స్వాగత సభ. పిల్లలందరూ నేలమీద వరసల్లో కూర్చున్నారు. ఆయన మైకు ముందు నిలబడ్డాడు, చెవిటి పిల్లల ముందు మైకు! ఆయన మాటల్ని సైగల్లోకి మార్చడానికి పక్కన నేను. ఇంకెవరున్నారు?

ఏం మాట్లాడాడు? క్రమశిక్షణ. టైముకి రావడం. యూనిఫాం, తెల్ల బూట్లు, బూట్లకి పాలిష్. ఒకటికి రెండుసార్లు చొక్కా జేబు తడుముకున్నాడు, అందులో పెన్ను ఉందో లేదో చూసుకోవడం అలవాటు కాబోలు. మధ్యాహ్నానికల్లా పిల్లలు ఆయనకి పేరు పెట్టేశారు. మా పిల్లలకి మనుషుల పేర్లతో పని లేదు, మనిషిలో కనబడేదాన్ని పట్టుకుని దానికో సైగ పెడతారు. ఆయన పేరు జేబు మీద రెండుసార్లు తట్టడం. జేబాయన. నా పేరు చూపుడువేలితో ముక్కు మీద కళ్లజోడు పైకి తోసుకోవడం. చేరిన రోజునుంచీ అదే పేరు, ఫ్రేములు మారినా పేరు మారలేదు.

సభ సంగతి రాయాలి. ఆయన బూట్ల గురించి చెబుతుంటే ముందు వరస పిల్లలు నా చేతులవైపే చూస్తున్నారు. పాత ప్రిన్సిపాలమ్మ వెళ్లిపోయిందని ఏడ్చిన కళ్లు ఇంకా వాచే ఉన్నాయి. ఆ కళ్లకి బూట్ల పాలిష్ గురించి ఎలా చెప్పేది? అందుకని "మీ భాష నేర్చుకుంటాను, మీతోనే ఉంటాను" అని చెప్పాను, ఆయన అన్నట్టుగా. ఇంటర్వ్యూలో అన్నాడుగా. అబద్ధమేం కాదు. తర్వాత ఇంకో రెండు ముక్కలు కూడా చెప్పాను, పిల్లలకి ధైర్యంగా ఉంటుందని.

చేతులన్నీ గాల్లోకి లేచాయి. మా చప్పట్లు అవే, చేతులెత్తి వేళ్లు ఆడించడం. జేబాయన తన ప్రసంగానికే అనుకుని తల ఊపాడు. సైన్సు మాస్టారు అంతా ఫోన్లో వీడియో తీశాడు. కిందకి దిగగానే అందరూ నా చుట్టూ చేరారు. "మీ స్థానంలో ఇంకొకరైతే సెలవు పెట్టి ఇంట్లో కూర్చునేవాళ్లు మేడమ్. ఎంత పెద్ద మనసు!" అన్నారు.

పెద్ద మనసు అన్నారు.

జూన్ 24

జేబాయనకి పాఠం మొదలుపెట్టాను. అక్షరాలు నేర్పుతుంటే మధ్యలో ఫోన్ వచ్చింది. వెళ్లి మాట్లాడి వచ్చి "మళ్లీ చూద్దాం మేడమ్" అన్నాడు. పనులుంటాయి పాపం.

జూలై 14

పనులు లేవు, పాడు లేదు. అసలు సంగతి ఇవాళ బయటపడింది. చిన్న తరగతుల్లో ఇకనుంచి పిల్లలు చేతులు బల్ల కింద పెట్టుకోవాలట. టీచర్ల పెదాలు చూసి మాట పట్టుకోవాలట, నోటితోనే పలకాలట. ప్రయోగం బాగుంటే బడి మొత్తానికీ పెడతాడట.

గదికి వెళ్లి అడిగాను. కోపంగా కాదు, మెల్లగానే అడిగాను. ఆయనా మెల్లగానే చెప్పాడు. "మేడమ్, బయట ఈ భాష ఎవరికొచ్చు? బస్సులో వచ్చా, బ్యాంకులో వచ్చా? మీరు ఈ పిల్లలకి ఈ గేటు దాటితే చెల్లని నాణెం ఇస్తున్నారు." మనిషి చెడ్డవాడు కాడు. నమ్మే చెబుతున్నాడు. అదే నా భయం. చెడ్డవాడైతే ఎక్కడో ఒకచోట దొరుకుతాడు.

"వాళ్లు ఆలోచించేదే ఈ భాషలో సార్. చేతులు కట్టేస్తే..." అన్నాను.

"నేనెవరి చేతులూ కట్టడంలేదు. బల్ల కింద పెట్టుకోమన్నాను," అన్నాడు.

సాయంత్రం దర్జీ ఇంటికొచ్చాడు. కూతురు మా బడిలో తొమ్మిదో తరగతి. చిన్నప్పుడు మెట్ల మీద పడితే కుడి కనుబొమ్మ మధ్యలో చీలింది, అందుకని ఆ పిల్ల పేరు కనుబొమ్మ మీద వేలితో గీత. ఈ బడిలో దానంత వేగంగా సైగ చేసేవాళ్లు లేరు, నాతో సహా.

"టీచరుగారూ, నేను కోర్టుకెళ్తాను. సైగలు రానాయన్ని ఈ బడికి ఎలా పెట్టారని అడుగుతాను," అన్నాడు దర్జీ.

కొంచెం టైమివ్వమన్నాను. కొత్త మనిషి, మెల్లగా తెలుసుకుంటాడన్నాను.

"మీరు పక్కనుంటే ఇంకా బాగుంటుందమ్మా."

వైస్ ప్రిన్సిపాల్ని, నేనెలా ఉంటానన్నాను. నిదానమే ప్రధానం.

ఆగస్టు 6

నేను ఆగమన్నా ఆగకుండా దర్జీ వేసిన దావా కొట్టేశారు. రెండు నిమిషాల్లో అయిపోయిందట. లాయరమ్మని వెంటబెట్టుకుని తిన్నగా మా ఇంటికే వచ్చాడు. లాయరమ్మ చిన్నపిల్లే, మా ఆడపడుచు కూతురి వయసుంటుంది. నల్లకోటు మడిచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"జడ్జిగారు అడిగారమ్మా, నువ్వు ఆ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టావా అని. నేను దర్జీనండి అన్నాను. మరి ఆయన్ని ఎందుకు పెట్టారని అడగడానికి నువ్వెవరు అన్నారు. కోర్టులో నవ్వారందరూ," అని దర్జీ కూడా నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

లాయరమ్మ నాకు విడమర్చి చెప్పింది. సైగల భాష రావాలన్న షరతు చట్టంలో ఉంటే దారినపోయేవాళ్లయినా అడగొచ్చట. ఇది ఉద్యోగ ప్రకటనలో మాత్రమే ఉంది. కాబట్టి ఆ షరతు గాలికొదిలేస్తే ఎవరికి నష్టం జరిగిందో వాళ్లే అడగాలట. దాన్ని లోకస్ అంటారట.

"అంటే ఏంటమ్మా?" అన్నారు మా ఆయన.

"కోర్టు గుమ్మం దాటడానికి టికెట్టు అనుకోండి బాబాయిగారూ. కేసులో బలముందా లేదా అన్నది లోపలికెళ్లాక సంగతి. ముందు టికెట్టుండాలి. ఈ ఊరు మొత్తానికి అది ఒక్కరి దగ్గరే ఉంది," అని నావైపు చూసింది. అందరూ నావైపే చూశారు. కుక్కర్ కూత వేస్తే లేచి వంటింట్లోకి వెళ్లాను.

ఆలోచించుకుని చెబుతానన్నాను. లాయరమ్మ గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ "ఎక్కువ ఆలస్యం చెయ్యకండి టీచరుగారూ. ఆలస్యం చేస్తే కోర్టు దాన్ని ఒప్పుకోలు కిందే లెక్కేస్తుంది," అంది.

ఆగస్టు 7

నేను కోర్టుకెళ్తే ఏమంటారు? కుర్చీ దక్కలేదని కడుపుమంట అంటారు. ఇన్నాళ్ల పరువు ఒక్క కాగితంతో పోతుంది.

ఆగస్టు 8

నాకు ఆ కుర్చీ వద్దు. వద్దన్నదాన్ని నష్టపోయానని ఎలా రాసిస్తాను?

ఆగస్టు 19

ఇవాళ కారులో మార్కెట్ నుంచి వస్తుంటే మా ఆయన అడిగారు. "ఏమోయ్, ఒక్క ముక్క చెప్పు. నీకు ఆ కుర్చీ కావాలా, వద్దా?"

"పిల్లలకి మంచి జరగాలి."

"అది కాదు నేనడిగింది."

"నాకు పదవులమీద ఆశ ఎప్పుడైనా ఉందా?"

ఆయన సిగ్నల్ దగ్గర ఆపి, ఎర్రలైటు వైపే చూస్తూ అన్నారు. "కొత్తగా నేర్చుకునేవాళ్లని చూస్తుంటాను. ఒక కాలు బ్రేకు మీద, ఇంకో కాలు యాక్సిలేటర్ మీద పెట్టి, బండి కదలదేంటి సార్ అంటారు. ఇంజను మాత్రం కాలిపోతుంటుంది."

ఇంటికొచ్చేదాకా ఆయనతో మాట్లాడలేదు. మనిషిని కారుతో పోలుస్తారా!

సెప్టెంబర్ 2

రెండో తరగతి బుడ్డోడు ఇవాళ బల్ల మీదే వాంతి చేసుకున్నాడు. పొద్దుటినుంచీ కడుపునొప్పి. చెప్పడానికి చెయ్యెత్తితే టీచరు కిందకి దించమంది. మళ్లీ ఎత్తితే మళ్లీ దించింది. ఆవిడ తప్పేముంది, ఆర్డరు అలా ఉంది. వాడు చేతులు బల్ల కింద పెట్టుకుని, నేర్పినట్టే పెదాలు కదిపి చూశాడట. "కడుపు" అన్న మాట ఇంకా నేర్పలేదు.

వాణ్ణి ఒళ్లో పెట్టుకుని మూతి తుడిచాను. వాడు నా ఒళ్లో కూడా చేతులు కింద పెట్టుకునే ఉన్నాడు.

లాయరమ్మకి ఫోన్ చేశాను.

సెప్టెంబర్ 4

సంతకం పెట్టాను. పెట్టేముందు ఒక గంట కొట్లాడాను. "దరఖాస్తుదారు సదరు పదవిని కోరుకున్నారు. అర్హత లేని వ్యక్తిని నియమించడం వల్ల తీవ్రంగా నష్టపోయారు, బాధపడ్డారు" అని ఉంది.

"కోరుకున్నారు అన్నది తీసెయ్యమ్మా. పిల్లల కోసం అని రాయి," అన్నాను.

"పిల్లల కోసం అని దర్జీగారు రాస్తే ఏమైందో చూశారుగా. మీకు బాధ లేకపోతే మీకు లోకస్ లేదు టీచరుగారూ. మీరు మంచివారని కోర్టుకి అక్కర్లేదు. మీకు దెబ్బ తగిలిందా లేదా, అదే కావాలి," అంది.

తగిలింది అన్నాను. అంటే అలా రాసుకోమన్నాను.

ఆ పిల్ల కళ్లల్లోకి చూసి ఇంకో ప్రశ్న అడిగింది. "వాళ్లవైపు నుంచి రాబోయేది ఏమైనా ఉందా? నాకు ముందే చెప్పాల్సింది?"

లేదన్నాను. ఏముంది?

అక్టోబర్ 10

మొదటి వాయిదా. ఎంత బాగా జరిగిందో! జడ్జిగారు ప్రకటన తెప్పించుకుని చదివారు, "తప్పనిసరి" అన్న మాట దగ్గర వేలు పెట్టి మళ్లీ చదివారు. "ఈ తప్పనిసరి ఎప్పుడు ఐచ్ఛికమైంది?" అని బోర్డు లాయర్ని అడిగారు. ఆయన ఫైల్లో పేజీలు తిప్పాడు. నా గురించి "ఈవిడ రెండో అభ్యర్థి, ఈవిడకి అడిగే హక్కు ఉంది కదా" అని కూడా అన్నారు. బయటికొచ్చాక దర్జీ రెండు చేతులూ ఎత్తి వేళ్లు ఆడించాడు. కూతురు నేర్పిందట.

బస్సులో కూర్చుని ఊరికే అనుకున్నాను. ఆ గదిలో కిటికీకి అడ్డంగా ఉన్న బీరువా తీసెయ్యాలి, వెలుగు లేకపోతే సైగలు కనబడవు. బల్ల గోడవైపు జరపాలి. తలుపుకి అద్దం పెట్టించాలి, బయట ఎవరు నిలబడ్డారో పిల్లలకి కనబడేట్టు. గుమ్మంలో దీపం బెల్లు, నొక్కితే మోగకుండా వెలిగేది. కుర్చీకి ఆ పచ్చ గుడ్డ తీయించెయ్యాలి.

దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

అక్టోబర్ 11

కావాలి. చిన్నపిల్లలా కావాలి. ఎప్పటినుంచో కావాలి.

నవంబర్ 5

రాయాలని లేదు.

బోర్డు లాయరు సైన్సు మాస్టారి వీడియో పెట్టాడు. సైన్సు మాస్టారి తప్పు లేదు, జూన్‌లోనే బడి గ్రూపులో పంచాడు. ఎంత పెద్ద మనసో అందరూ చూడాలని.

తెర మీద నేను. జేబాయన గొంతు మైకులో బూట్ల గురించి చెబుతోంది, తర్వాత గొంతు ఆగిపోయింది, నా చేతులు ఆగలేదు. "ఇక్కడ ఈవిడ ఏం చెబుతున్నారో కోర్టుకి తెలియాలి," అన్నాడు లాయరు. సైగల్ని మాటల్లో చెప్పే దుబాసీని పిలిచారు.

సొట్టబుగ్గ వచ్చాడు.

వాడి అమ్మానాన్నలిద్దరూ మా బడిలో చదివినవాళ్లే. వాడికి చెవులు బాగానే వినబడతాయి. పొట్టిలాగుల నాటినుంచీ నా క్లాసులో వెనకబల్ల మీద కూర్చుని దుబాసీ పని నేర్చుకున్నాడు. ఇప్పుడు ఆసుపత్రులకీ పోలీసుస్టేషన్లకీ వాణ్ణే పిలుస్తారు. నన్ను చూసి సొట్ట పడేలా నవ్వబోయి, ఎందుకు పిలిచారో అప్పుడే అర్థమైనట్టుంది, ఆగిపోయాడు.

మొదటిరోజు వాడికి నేను చెప్పింది ఒకటే మాట. కలపకు, తియ్యకు. నీ చేతులు నీవి కావు, మాట్లాడేవాళ్లవి.

వీడియో ఆపి ఆపి వేశారు. వాడు చెప్పాడు, కలపకుండా, తియ్యకుండా.

"'నేను మీ భాష నేర్చుకుంటాను. మీతోనే ఉంటాను.' ఈ మాటలు ఆయన అన్నట్టుగా చెప్పారు. ఆ సమయంలో మైకులో వినిపిస్తున్నది బూట్ల గురించి."

జడ్జిగారు రాసుకున్నారు.

"ఇక్కడినుంచి ఆవిడ సొంత మాట. 'ఈ కుర్చీకి నేనూ పోటీపడ్డాను. ఈయనే తగినవారని నేను ఒప్పుకున్నాను. నాకేం బాధ లేదు. ఈయన్ని మీ దగ్గరికి నా చేతులతో నేనే తీసుకొచ్చాను. నన్ను నమ్మినట్టే నమ్మండి.'"

"నాకేం బాధ లేదు అన్నారా?" అని జడ్జిగారు మళ్లీ అడిగారు.

"అవునండి. ఆ సైగ రెండుసార్లు చేశారు."

లాయరమ్మ నావైపు తిరగలేదు. కాగితాలు సర్దుకుంటూ ఉండిపోయింది. తిట్టినా బాగుండేది.

మెట్ల దగ్గర సొట్టబుగ్గ నా కాళ్ల మీద పడబోయాడు. లేపాను. "టీచర్, ఒక్క ముక్క తప్పు చెప్పినా..." అన్నాడు. సరిగ్గా చెప్పావురా, చాలా బాగా చెప్పావు అన్నాను. నిజంగానే బాగా చెప్పాడు. అంత బాగా నేర్పినందుకు ఎప్పుడూ లేనంతగా ఏడుపొచ్చింది.

నవంబర్ 6

ఆ రెండు ముక్కలు పిల్లల ధైర్యం కోసం కాదు. హాల్లో వెనక టీచర్లు నిలబడి ఉన్నారు. వాళ్లలో సగంమందికి సైగలొచ్చు.

నవంబర్ 18

కొట్టేశారు.

"తన చేతులతో స్వాగతం పలికి, ఆ నియామకం సరైనదేనని పిల్లల ముందు ఒప్పుకుని, నెలల తరబడి ఆయన కింద పనిచేసిన ఈ దరఖాస్తుదారు ఇప్పుడు బాధితురాలినని చెప్పుకోవడానికి వీల్లేదు. కాబట్టి నియమితుడికి అర్హత ఉందా లేదా అన్న ప్రశ్నలోకి కోర్టు వెళ్లడంలేదు."

ఆఖరి వాక్యం మూడుసార్లు చదివాను. ఇన్ని నెలలు ఇంతమంది తిరిగారు. దర్జీ ఎవరని అడిగారు, నేనెవరని అడిగారు. జేబాయనకి సైగలొచ్చా అని మాత్రం కోర్టులో ఎవరూ అడగలేదు. అడిగించగలిగినదాన్ని నేనొక్కదాన్నే, నా టికెట్టు జూన్‌లోనే చింపి పిల్లల మీద పువ్వుల్లా చల్లేశాను.

దర్జీకి ఫోన్ చేశాను. "పోనీలెండి టీచరుగారూ. మీరు మాత్రం ఏం చేస్తారు?" అన్నాడు. ఇంత మంచి మాట అనకుండా ఉండాల్సింది.

మా ఆయన వచ్చి డైరీ పక్కన టీ పెట్టి వెళ్లారు. "నిదానమే ప్రధానం" మీద కప్పు గుర్తు పడింది.

నవంబర్ 21

రేపు మళ్లీ సభట. చేతుల ఆర్డరు సోమవారం నుంచి బడి మొత్తానికీ. జేబాయన నన్ను గదికి పిలిచాడు. కోర్టు సంగతి ఎత్తలేదు, కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. ఆ మర్యాదే కాల్చినట్టుంది.

"రేపు నేను చెప్పేది పిల్లలకి అర్థమవ్వాలి మేడమ్. మీరే..." అని ఆగాడు. సైగలు మానెయ్యండి అని చెప్పడానికి కూడా సైగలే కావాలి. ఆ సంగతి ఆయనకీ తట్టినట్టుంది. జేబు తడుముకున్నాడు.

"వెళ్లకు. ఒంట్లో బాలేదని చెప్పు," అన్నారు మా ఆయన.

వెళ్లకపోతే పిల్లలకి రేపు ఆ మైకు వెనక ఆడే నోరు తప్ప ఏమీ కనబడదు. సోమవారం ఏం జరగబోతోందో తెలియకుండా క్లాసుకెళ్తారు.

నవంబర్ 22

కలపలేదు, తియ్యలేదు.

ఆయన అన్నది అన్నట్టు చెప్పాను. "సోమవారం నుంచి తరగతిలో ఎవరూ చేతులతో మాట్లాడకూడదు. ఇది మీ మంచికే. మొదట కష్టంగా ఉంటుంది." మంచికే అన్నది కూడా చెప్పాను. ఆయన నోరు ఆగగానే నా చేతులు ఆపేశాను. పిల్లలు ఇంకా నా చేతులవైపే చూస్తున్నారు. ఇంకేదో వస్తుందని, ఎప్పుడూ వచ్చేట్టు. చేతులు రెండూ కిందకి పెట్టుకుని నిలబడ్డాను.

ఒక్క చెయ్యీ గాల్లోకి లేవలేదు.

తర్వాత చేతులు కడుక్కునే కుళాయిల దగ్గర దర్జీ కూతురు కనుబొమ్మ ఒక్కతే ఉంది. వెళ్లి ఎదురుగా నిలబడ్డాను. నా జీవితంలో ఇంత చేతకాకుండా ఎప్పుడూ సైగ చెయ్యలేదు.

"జూన్‌లో సభలో మీ భాష నేర్చుకుంటానని ఆయన అనలేదు. అది నేను కల్పించాను," అని చెప్పాను.

"తెలుసు," అంది.

"ఎప్పుడు తెలిసింది?"

"అప్పుడే. ఆయన పెదాలు బూట్లు అన్నాయి. బూట్లు అంటే మూతి ముందుకొస్తుంది. మీ చేతులు నేర్చుకుంటాను అన్నాయి." తడిచేతులు గౌనుకి తుడుచుకుని మళ్లీ చెప్పింది. "తర్వాత ఆయన నోరు మూసేశాడు. మీ చేతులు ఆగలేదు."

"మరి నన్నెందుకు అడగలేదమ్మా?"

ఆ పిల్ల ఆశ్చర్యంగా చూసింది. నిజంగానే ఆశ్చర్యపోయింది, దెప్పడం కాదు. తనవైపు వేలు చూపించుకుంది, నావైపు చూపించింది, రెండు చేతులూ విప్పింది.

"మిమ్మల్ని అడగడానికి నేనెవర్ని?"

నవంబర్ 24, సోమవారం

అన్ని తరగతుల్లోనూ బల్లల మీద ఒక్క చెయ్యి కూడా లేదు. పాఠం చెప్పాను. నా నోరు నాకే వినబడింది.

డిసెంబర్ 5

లాయరమ్మ ఫోన్ చేసింది. నాతో మాట్లాడదేమో అనుకున్నాను. "నియామకం సంగతి ముగిసిపోయింది టీచరుగారూ. ఆయన ఉంటాడు. కానీ ఇప్పుడు ఆయనిచ్చిన ఆర్డరు ఉందిగా, దానిమీద వెళ్లొచ్చు. ఆ చేతులు ఎవరివో వాళ్లే అడగొచ్చు. దర్జీగారమ్మాయి ఒప్పుకుంది. మైనరు కాబట్టి తండ్రి వెనకుంటాడు, కానీ పేరు ఆ పిల్లదే, చెప్పేదీ ఆ పిల్లే," అంది.

ఆ పిల్ల మాటల్ని కోర్టులో చెప్పడానికి మనిషి కావాలి కదా, నేనొస్తానన్నాను. ఒక్క ముక్క కలపను, తియ్యను అన్నాను. ఉద్యోగం పోతే పోనీ అన్నాను.



"అడిగానండీ," అంది. "సొట్టబుగ్గ అన్నయ్య చాలంది ఆ పిల్ల."

మంచి నిర్ణయం. నేనైనా వాణ్ణే పెట్టుకుంటాను.

డిసెంబర్ 9

మధ్యాహ్నం బెల్లు దీపం వెలిగాక వరండాలో వస్తున్నాను. స్తంభం వెనక ఇద్దరు చిన్నపిల్లలు మాట్లాడుకుంటున్నారు, తరగతి బయట కాబట్టి చేతులతోనే. ఒకడు ఆ కడుపునొప్పి బుడ్డోడు. "లెక్కల నోట్సు ఎవరికివ్వాలి?" అని రెండోవాడు అడిగాడు. బుడ్డోడు జవాబుగా రెండు అరచేతులూ ముందుకి చాపి, పక్కకి తిప్పి, లోపలికి రండి అన్నట్టు చూపించాడు. స్వాగతానికి మా సైగ అదే. రెండోవాడు తల ఊపాడు.

లెక్కల నోట్సు నాకే ఇవ్వాలి.

చూపుడువేలు లేదు, ముక్కు లేదు, కళ్లజోడు లేదు. వాళ్ల చేతుల్లో వెటకారం కూడా లేదు. ఎప్పటినుంచో అదే పేరన్నట్టు మామూలుగా అన్నారు. బడి మొత్తానికీ తెలిసినట్టుంది, నాకే ఆలస్యంగా తెలిసింది.

నన్ను చూసి ఇద్దరూ చేతులు వెనక దాచేసుకున్నారు. వాళ్ల ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. నా గుండెల మీద వేలు పెట్టుకుని, అరచేతులు చాపి, ఆ పేరు చేసి చూపించాను. ఇదేనా అని అడిగాను.

బుడ్డోడు పరీక్షగా చూశాడు. కాదన్నట్టు తల అడ్డంగా ఊపి, దాచుకున్న చేతులు బయటికి తీసి సరిదిద్దాడు. చేతులు చాపేటప్పుడు కొంచెం తల కూడా వంచాలట.

తల వంచి మళ్లీ చేశాను. ఇప్పుడు సరిగ్గా ఉందన్నారు.